ఏ-టీమ్ తొలి సీజన్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: వియత్నాం యుద్ధంలో పనిచేసిన మాజీ సైనికుల జట్టు కథగా వచ్చిన పాత అమెరికన్ టీవీ సిరీస్ ‘ది ఏ-టీమ్’ను మళ్లీ మొదటినుంచీ చూద్దామనుకుంటున్నాం. తొలి సీజన్‌లో ఎపిసోడ్లు కొన్నిచోట్ల 13 అనీ, కొన్నిచోట్ల 14 అనీ ఉంది. ఏది సరి?

జవాబు: రెండూ సరే. పైలట్, అంటే సిరీస్ తొలి ఎపిసోడ్ ‘మెక్సికన్ స్లేరైడ్’ను 1983 జనవరి 23న అమెరికా టీవీ సంస్థ ఎన్‌బీసీ రెండు గంటల స్లాటులో ఒక్కసారే వేసింది. తర్వాత దాన్నే రెండు భాగాలు చేశారు. ఒకటిగా లెక్కేస్తే 13, రెండుగా లెక్కేస్తే 14. మే 10న వచ్చిన ‘ఎ నైస్ ప్లేస్ టు విజిట్’తో సీజన్ అయిపోయింది. పైలట్ ఒకే ముక్కగా దొరికితే అదే చూడండి. రెండు భాగాల ప్రతిలో కథ మంచి ఊపులో ఉండగా పేర్లు పడతాయి, ఆపైన చూసిందే మళ్లీ క్లుప్తంగా చూపిస్తారు.

జనవరి 30న ‘చిల్డ్రన్ ఆఫ్ జేమ్స్‌టౌన్’ వచ్చింది, అదీ అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్ ముగిసిన వెంటనే. అంత పెద్ద ఆట చూసిన జనాన్ని సీట్లలోంచి లేవనివ్వకుండా కూర్చోబెట్టే ఎత్తు అది. పారింది కూడా. తర్వాత మంగళవారం రాత్రులకు మారిన ఈ సిరీస్ ఆ ఏడాది అమెరికా టాప్ 10లో చేరింది.

ప్రశ్న: పైలట్‌లో జట్టు సభ్యుడు ఫేస్ పాత్ర వేసింది వేరే నటుడా, లేక మాకే అలా అనిపించిందా?

జవాబు: వేరే నటుడే. పైలట్‌లో టిమ్ డనిగన్, రెండో ఎపిసోడ్ నుంచి డర్క్ బెనెడిక్ట్. డనిగన్ పుట్టింది 1955లో. కథలో ఫేస్‌లా 1972 నాటికే వియత్నాంలో అనుభవం గడించిన సైనికుడంటే నమ్మశక్యంగా లేదు. మనిషి కూడా మరీ పొడుగు. మారిన ముఖం గురించి కథలో ఒక్క మాటా ఉండదు, వెతక్కండి.

ప్రశ్న: మా దగ్గరున్న డిస్కుల్లో మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారు. జట్టులో మిస్టర్ టి వేసిన బి.ఎ. గొంతు కూడా పీలగా ఉంది. డిస్కు లోపమా?

జవాబు: ఇవి రెండు వేర్వేరు సమస్యలు. మొదటిది టీవీ సెట్టింగు. ఈ సిరీస్ 4:3 తెరకు తీసింది. దాన్ని ఇప్పటి 16:9 తెర నిండా సాగదీస్తే వెడల్పు మూడో వంతు పెరుగుతుంది, జట్టు వ్యాను కూడా అణిగిపోయినట్టు కనిపిస్తుంది. పిక్చర్ సైజును ‘4:3’ లేదా ‘ఒరిజినల్’కు మార్చండి. 1920 × 1080 తెరపై బొమ్మ 1440 పిక్సెళ్ల వెడల్పులో వచ్చి, రెండు పక్కలా 240 చొప్పున నల్ల పట్టీలు మిగలాలి. ఆ పట్టీలు నచ్చక ‘జూమ్’ నొక్కితే ఎత్తులో పావు వంతు పోతుంది. జట్టు నాయకుడు హానిబల్ చుట్ట వెలిగించే క్లోజప్‌లో నుదురు తెగేది అందుకే. పనిలో పనిగా మోషన్ స్మూతింగ్‌నూ ఆపేయండి. సెకనుకు 24 ఫ్రేముల ఫిల్మ్ బొమ్మకు టీవీ సొంతంగా ఫ్రేములు కల్పించి చేరిస్తే, పోరాటాలు రిహార్సల్‌లా తేలిపోతాయి.

గొంతు సంగతి వేరు. మీది పాల్ (PAL) అనే టీవీ పద్ధతి డిస్కు కావచ్చు. పాల్‌లో సెకనుకు 25 ఫ్రేములు. అందుకోసం 24 ఫ్రేముల ఫిల్మ్‌ను కాస్త వేగంగా, దాదాపు 4 శాతం ఎక్కువగా నడిపిస్తారు. శ్రుతిని సరిచేయకపోతే గొంతులు ముప్పావు అరస్వరం దాకా పైకి వెళ్తాయి. మిస్టర్ టి గర్జనకు అదే చాలా నష్టం. కంప్యూటర్‌లో చూసేవాళ్లు ప్లేయర్ వేగాన్ని 0.96కు తగ్గించి, శ్రుతిని కాపాడే ఆప్షన్ ఆపేస్తే గొంతు అసలు స్థాయికి దిగుతుంది. అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీ (NTSC) డిస్కుల్లో ఈ బెడద లేదు. కానీ అక్కడ డీఇంటర్లేసింగ్, అంటే గీతలుగా విడిపోయిన సగం బొమ్మలను ఒకటిగా కలపడం, సరిగా లేకపోతే కదిలే వస్తువుల అంచులు దువ్వెన పళ్లలా చీలతాయి.

ప్రశ్న: మేం చూస్తున్న ప్రతిలో కోతలున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: గడియారం చూడండి. ఆ రోజుల్లో ప్రకటనలు పోను ఒక ఎపిసోడ్ సుమారు 48 నిమిషాలు. పాల్ వేగంలో అది 46 నిమిషాలకు దిగుతుంది, అది కోత కాదు. పాల్ కాని ప్రతి 44 దగ్గర ఆగిపోతుంటే అనుమానించాల్సిందే. ప్రకటనలకు చోటు కోసం కత్తిరించేటప్పుడు పేలుళ్ల జోలికి ఎవరూ పోరు. జట్టు విమాన చోదకుడు మర్డాక్ వెర్రివేషాలు, ఎపిసోడ్ చివరి హాస్యం ముందు పోతాయి. ఈ సిరీస్‌కు ప్రాణం అక్కడే ఉంది మరి.

ప్రశ్న: అన్ని తూటాలు పేల్చినా ఎవరికీ తగలదు. జీపు గాల్లో పల్టీ కొట్టినా లోపలివాళ్లు దులుపుకుని లేస్తారు. ఇదంతా ఎలా తీసేవారు?

జవాబు: పల్టీలకు వాడే పాత పద్ధతి పైప్ ర్యాంప్. నేలనుంచి వాలుగా లేచే ఇనుప గొట్టాన్ని పొదల వెనకో, ఆపి ఉంచిన బండి వెనకో దాస్తారు. కారు ఒక పక్క చక్రాలు మాత్రమే దానిమీదికి ఎక్కుతాయి. ఎడమ చక్రాలు లేస్తే బండి కుడివైపు తిరగబడుతుంది. వేగం తగ్గితే పూర్తిగా తిరగకుండా పక్కకు పడుతుంది, ఎక్కువైతే కెమెరాకు అందకుండా పోతుంది. లోపల డ్రైవరు చుట్టూ ఇనుప గొట్టాల పంజరం ఉంటుంది. ఆపి ఆపి చూస్తే కిటికీలోంచి అది కనిపిస్తుంది. దొంగలు బయటికి పాకుతూ వచ్చే షాట్ మాత్రం ఆ వెంటనే విడిగా అతికించింది. ఎవరూ చావలేదని చెప్పడం దాని పని.

వ్యాను గెంతే చోట్ల ముందు భాగాన్ని గమనించండి. ఇంజను బరువంతా ముందే ఉండటంతో గాల్లో మూతి కిందికి వాలుతుంది, నేలను గుద్దగానే ముందు చట్రం వంగుతుంది. మరుసటి షాట్‌లో ఎర్ర చారల జీఎంసీ వండూరా చెక్కుచెదరకుండా పరుగెడుతుంటే అది వేరే వ్యాను అన్నమాట.

తుపాకుల లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. వాళ్ల చేతుల్లోవి ఎక్కువగా రూగర్ మినీ-14 కుటుంబానివి. అందులో పూర్తి ఆటోమేటిక్ రకం ఏసీ-556 నిమిషానికి సుమారు 750 తూటాల వేగంతో పేలుతుంది. అంటే 30 తూటాల మేగజైన్ రెండున్నర సెకన్లలోపే ఖాళీ! తెరమీద వాళ్లు ఎంతసేపు కాలుస్తారో లెక్కపెట్టండి. అవి గుండు లేని బ్లాంకులు. గుండు లేకపోతే తుపాకీ తనంతట తాను లోడ్ అయ్యేంత వాయు పీడనం నిలవదు, కాబట్టి గొట్టం మూతిని లోపల ఇరుకు చేస్తారు.

ప్రశ్న: అన్నీ చూసే తీరిక లేదు. నాలుగు చెప్పండి.

జవాబు: పైలట్ తప్పనిసరి. ఆపైన ‘ప్రోస్ అండ్ కాన్స్’. జైలు, కుస్తీలు, చెత్త సంచులతో చేసిన బెలూను, అంటే చేతికందిన సామానుతో యంత్రం కట్టే అలవాటు కుదురుకుంటున్న ఎపిసోడ్. మూడోది ‘బ్లాక్ డే ఎట్ బ్యాడ్ రాక్’. ఇందులో బి.ఎ.కు నిజంగానే తూటా తగులుతుంది, రక్తం ఎక్కించాల్సి వస్తుంది. ఈ జట్టుకు దెబ్బ తగలడం ఎంత అరుదో తెలిసినవాళ్లకు దాని బరువు తెలుస్తుంది. నాలుగోది ‘ది బీస్ట్ ఫ్రమ్ ద బెల్లీ ఆఫ్ ఎ బోయింగ్’. తాత్కాలికంగా చూపు పోయిన మర్డాక్ నోటితో చెబుతుంటే హానిబల్ పెద్ద విమానాన్ని దించుతాడు. సాధ్యాసాధ్యాలు అడక్కండి. హానిబల్‌గా జార్జ్ పెపార్డ్, మర్డాక్‌గా డ్వైట్ షుల్ట్జ్ ఇద్దరూ ఎదురెదురుగా హాస్యం పండించిన తీరు కోసం చూడాలి.

‘వెస్ట్ కోస్ట్ టర్నరౌండ్’ నాటికి సూత్రం గట్టిపడిపోయింది. సాయం కోరే మనిషి, ఊరి రౌడీ, షెడ్డులో వెల్డింగు, ఆఖరి దాడి. అంతకుముందు ఎపిసోడ్లలో ఆ వరుస ఇంకా తడిగానే ఉంటుంది, మా ఓటు వాటికే.

ప్రశ్న: పిల్లలతో కలిసి చూడొచ్చా?

జవాబు: రక్తపాతం దాదాపు లేదు, తుపాకీ మోతలు మాత్రం బోలెడు. ఇబ్బంది పెట్టేది మరొకటి: పైలట్‌లో హానిబల్ చైనా లాండ్రీవాడిగా వేసే వేషం, ఆ యాస. అప్పట్లో నవ్వుకు పెట్టింది, ఇవాళ మింగుడుపడదు. పత్రికా విలేకరి ఎమీ అలెన్ ఆ వేషగాణ్ణి కలిసే సన్నివేశం రాకముందే నాలుగు మాటలు చెప్పి చూపించండి.

ప్రశ్న: టైటిల్స్‌లో ఫేస్ ముందునుంచి ఒక వెండిరంగు రోబో నడిచిపోతుంది, అతను వేలెత్తి ఏదో అనబోయి ఊరుకుంటాడు. మా తొలి సీజన్ డిస్కుల్లో అది లేదు. కత్తిరించారా?

జవాబు: లేదు. ఆ ముక్క రెండో సీజన్‌లోని ‘స్టీల్’ ఎపిసోడ్‌ది, ఆ తర్వాతే టైటిల్స్‌లోకి ఎక్కింది. ఆ రోబో 1978 నాటి ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’లోని సైలాన్. అందులో వాటితో పోరాడే పైలట్‌గా వేసింది డర్క్ బెనెడిక్టే.