చెడు కొలెస్ట్రాల్: 171 నుంచి 139 దాకా తిండితో, ఆ తర్వాత మాత్రతో

మీ ప్రశ్న చదివాను. వయసు 41, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 168 వచ్చింది, డాక్టర్ మూడు నెలలు టైమిచ్చారు, మాత్ర లేకుండా తిండితో నడకతో తగ్గుతుందా, నెయ్యి, గుడ్లు పూర్తిగా మానేయాలా అని అడిగారు. నాలుగేళ్ల కిందట నాదీ అచ్చం ఇదే పరిస్థితి, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను డాక్టర్‌ని కాదు. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసుకునే మనిషిని, సీజన్‌లో పొద్దున తొమ్మిదికి కుర్చీలో కూర్చుంటే రాత్రి తొమ్మిదికి లేచే ఉద్యోగం.

నా మొదటి రిపోర్టు ఇది: టోటల్ కొలెస్ట్రాల్ 262, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 38, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 265, ఎల్‌డీఎల్ 171. నాకు అప్పుడు 45 ఏళ్లు, బరువు 81 కేజీలు. మా నాన్నకి 52వ ఏట గుండెపోటు వచ్చింది, ఆ మాట డాక్టర్‌కి చెప్పగానే ఆయన మొహం మారింది. అయినా నేను బతిమాలితే, సరే మూడు నెలలు చూద్దాం అన్నారు.

ఇక మొదటి నెల నేను చేసినవన్నీ పిచ్చి పనులే. గుడ్లు మానేశాను. పరగడుపున వెల్లుల్లి రెబ్బలు నమిలాను, పక్క సీటు కుర్రాడు కుర్చీ జరుపుకున్నాడు తప్ప వేరే ఫలితం నాకు కనబడలేదు. కరివేపాకు రసం, మెంతుల నీళ్లు, ఎవరు ఏది చెబితే అది. అన్నంలో నెయ్యి చుక్క కూడా వేసుకోలేదు, అమ్మేమో "నెయ్యి లేకుండా కందిపొడి ఎట్లా దిగుద్దిరా గొంతులోకి" అని రోజూ ఒక పాట. ఇన్ని త్యాగాలు చేశాక ఆత్రం ఆగక నాలుగు వారాలకే మళ్లీ టెస్టు చేయించాను. ఎల్‌డీఎల్ 166. అంటే ఏమీ తగ్గనట్టే, ఆ ఐదు పాయింట్లు రెండు రోజులు వరసగా తీయించుకున్నా తేడా రావచ్చు.

రిపోర్టు తీసుకెళితే డాక్టర్ తిట్టలేదు, ఒకటే అడిగారు: "మీ ఇంట్లో నెలకు నూనె ఎంత, పాలు ఎన్ని?" లెక్కలు రాసేవాణ్ణే గానీ ఇంటి లెక్క నాకు తెలియదు. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆవిడని అడిగితే నలుగురికి నెలకు ఐదు లీటర్ల డబ్బా అయిపోతుందని, ఒక్కోసారి పైన ఇంకో లీటరు ప్యాకెట్ కొంటున్నామని తేలింది. ఐదు లీటర్లంటే మనిషికి రోజుకి నలభై మిల్లీలీటర్లు, అదీ ఇంట్లో వాడింది మాత్రమే. పాలు రోజుకి లీటరున్నర, చిక్కటి గేదె పాలు. లీటరుకి తక్కువలో తక్కువ అరవై గ్రాముల కొవ్వు అనుకున్నా రోజుకి తొంభై గ్రాములు ఇంట్లోకి వస్తోంది, అందులో సగానికి పైగా శాచురేటెడ్ కొవ్వే, అంటే నెయ్యిలా చల్లబడితే గడ్డకట్టే రకం. ఆ కొవ్వు ఎవరి కడుపులోకి పోతోంది? పెరుగు గిన్నె మీద మీగడ తరక చిన్నప్పటి నుంచీ నాదే. పెళ్లయ్యాక కూడా నాదే. పిల్లలు ముట్టుకోరు. నెయ్యి మానేశానని గొప్పగా చెప్పుకుంటూ రెండు పూటలా ఆ తరక మొత్తం అన్నంలో కలుపుకుని ఆవకాయ నంజుకుని తింటున్నాను. మానేసిన నెయ్యి రోజుకో చెంచా, మానని మీగడ దానికి ఎన్ని రెట్లో!

రెండోది బజ్జీలు. గుంటూరు వాడికి మిరపకాయ బజ్జీ గురించి చెప్పక్కర్లేదు. సాయంత్రం ఐదింటికి ఆఫీసు కుర్రాడు పొట్లం తెస్తాడు, మధ్యకి చీల్చి ఉల్లిపాయ కూరి నిమ్మకాయ పిండినవి, మనిషికి నాలుగు. ఆ పొట్లం విప్పితే కాగితం అద్దంలా అయిపోయి వెనక వైపు అచ్చయిన ధరల పట్టిక ఇటువైపు నుంచి చదువుకోవచ్చు. నేను దాన్ని తిండి కింద ఏనాడూ లెక్కేయలేదు, టీతో పాటు వచ్చేదే కదా అని. బండి మీద చాలాచోట్ల వాడేది పామాయిల్, అందులో దాదాపు సగం శాచురేటెడ్ కొవ్వు. పైగా పొద్దుటి నుంచి కాగుతూ ఉన్న నూనె.

ఇక్కడ డాక్టర్ చెప్పిన ఒక మాట నాకు బాగా పనికొచ్చింది. రక్తంలో ఉన్న ఎల్‌డీఎల్‌ని వెనక్కి లాక్కునేది లివర్. శాచురేటెడ్ కొవ్వు ఎక్కువ తింటే లివర్‌కి ఆ లాక్కునే శక్తి తగ్గుతుంది, సరుకు రక్తంలోనే నిలబడిపోతుంది. యార్డులో దిగుమతి చేసుకునే హమాలీలు సగం మంది సెలవు పెడితే లారీలు రోడ్డు మీద నిలబడిపోవా, అలాగన్నమాట (ఈ పోలిక నాది, డాక్టర్‌ది కాదు). మనం తినే కొలెస్ట్రాల్ కంటే లివర్ సొంతంగా తయారు చేసుకునేదే ఎక్కువ. అందుకే గుడ్డు మానేసినా నాకు పెద్ద తేడా రాలేదు. గుడ్డు సొనలో కొలెస్ట్రాల్ దాదాపు 180 మిల్లీగ్రాములు ఉన్న మాట నిజమే గానీ చాలామందికి రోజుకో గుడ్డు వల్ల ఎల్‌డీఎల్ పెద్దగా పెరగదట. షుగర్ ఉంటే మాత్రం మీ డాక్టర్‌ని అడిగి తినండి. అన్నట్టు నూనె ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని రాసి ఉంటే మురిసిపోకండి, మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ అది చెప్పుకోదగ్గంత ఉండదు, పామాయిల్‌తో సహా.

సరే, ఏం మార్చానంటే. పాలు టోన్డ్‌కి మారాయి, అంటే మూడు శాతం వెన్న ఉండేవి. గేదె పాలు అమ్మ కాఫీకి పావు లీటరు మాత్రం ఉంచాం, లేకపోతే ఇంట్లో యుద్ధమే. పెరుగు పల్చగా నీళ్లలా ఉందని మొదటి పదిహేను రోజులు నేనే గొణిగాను, తర్వాత అలవాటైపోయింది. నూనె డబ్బా మీద మా అమ్మాయి మార్కర్‌తో గీతలు గీసింది, వారానికో గీత, పక్కన తారీకు. గీత దాటితే ఆ వారం వేపుడు ఉండదు. మూడు లీటర్లకి దిగాం. వేరుశనగ నూనె, నువ్వుల నూనె నెల మార్చి నెల వాడతాం, ఏది గొప్పదన్న వాదనలోకి నేను దిగను, గరిటె చిన్నదవడమే ముఖ్యం. నెయ్యి మళ్లీ మొదలుపెట్టాను, రోజుకో చెంచా, పప్పన్నంలో. దాంట్లో మూడు గ్రాముల శాచురేటెడ్ కొవ్వు ఉంటుంది, మిగతావి సరిచేసుకుంటే దానికి చోటు దొరుకుతుంది.

తీసేసిన వాటికంటే కలుపుకున్నవి ఎక్కువ పని చేశాయని నాకనిపిస్తుంది. కరిగే పీచు, అంటే నానితే జిగురుగా అయ్యేది, పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది, మళ్లీ పైత్యరసం తయారు చేసుకోవడానికి లివర్ రక్తంలోని కొలెస్ట్రాల్‌ని వాడుకోవాలి. దీనికి అందరూ ఓట్స్ అంటారు. నాకు ఓట్స్ పడలేదు, పుస్తకాలు అంటించే జిగురు తిన్నట్టుంది. ఓట్స్‌లో ఉండే ఆ కరిగే పీచు (బీటా గ్లూకాన్ అంటారు) బార్లీలోనూ ఉంటుందని తెలిసి బార్లీ రవ్వతో ఉప్మా చేయించుకున్నాను. సాయంత్రం బజ్జీల స్థానంలో బొబ్బర్ల గుగ్గిళ్లో శనగల గుగ్గిళ్లో, తాలింపు పెట్టి ఉల్లిపాయ వేసి డబ్బాలో. మొదటి వారం ఆఫీసులో నవ్వారు, రెండో వారం నుంచి నా డబ్బాలో చేతులు పెట్టడం మొదలైంది. బెండకాయ, గోరుచిక్కుడు కూరలు ఎక్కువ తిన్నాం. రాత్రి ఇసబ్‌గోల్ రెండు చెంచాలు పెద్ద గ్లాసుడు నీళ్లతో, నీళ్లు తక్కువైతే గొంతులో పట్టేస్తుంది జాగ్రత్త. వేరే మాత్రలేమైనా వేసుకుంటుంటే రెండింటికీ మధ్య ఒక రెండు గంటలు తేడా ఉంచండి.

నడక గురించి నిజం చెప్పాలి. బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియంకి పొద్దున్నే ఐదున్నరకి వెళ్లేవాణ్ణి, మన ఎండలకి ఏడు దాటితే నడిచే ప్రశ్నే లేదు. నలభై నిమిషాలు బాగా నడిచి, నడిచినందుకు బహుమతిగా బ్యాచ్ మొత్తం టిఫిన్ బండి దగ్గర తేలి నెయ్యి కారం ఇడ్లీ రెండు ప్లేట్లు! మూడు వారాలు ఇదే భాగోతం. వాళ్లతో స్నేహం చెడకుండా నేను వేరే గేటు నుంచి బయటికి రావడం నేర్చుకున్నాను. నడక వల్ల ఎల్‌డీఎల్ తగ్గేది కొంచెమే, అసలు లాభం ట్రైగ్లిజరైడ్స్‌లో, బరువులో. ట్రైగ్లిజరైడ్స్‌కి ఇంకో రెండు పనులు చేశాను: రాత్రి అన్నం సగానికి తగ్గించి ఆ చోట కూర వేసుకోవడం, ఆదివారం మందు మానేయడం. ఇంతకు ముందు రాయలేదు గానీ వారానికి మూడు పెగ్గులు ఉండేవి.

మూడు నెలలకి: టోటల్ 221, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్స్ 170, ఎల్‌డీఎల్ 147. ఆరు నెలలకి అదే వరసలో 211, 42, 150, 139. బరువు 75. ట్రైగ్లిజరైడ్స్ నలభై శాతానికి పైగా తగ్గాయి చూడండి, ఎల్‌డీఎల్ మాత్రం 171 నుంచి 139, అంటే ఐదో వంతు కూడా తగ్గలేదు. ఆ తర్వాత ఎంత కడుపు కట్టుకున్నా కదల్లేదు. తిండితో వచ్చే ఫలితం సాధారణంగా ఈ పది, ఇరవై శాతం మధ్యలోనే ఉంటుందని, మా నాన్న చరిత్ర ఉంది కాబట్టి నాకు అది చాలదని డాక్టర్ చెప్పి చిన్న డోసు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) రాశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది, ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసినట్టే అనిపించి. "ఒక్కసారి మొదలుపెడితే జీవితాంతం, కండరాలు పోతాయి" అని భయపెట్టిన వాళ్లు కొదవ లేదు. కొందరికి ఒళ్లు నొప్పులు వచ్చే మాట నిజమే, వస్తే డాక్టర్‌కి చెబితే మాత్ర మారుస్తారు. నాకు రాలేదు. రెండు నెలలకి ఎల్‌డీఎల్ 86. ఈ తిండి మార్పులు లేకపోతే ఇంత చిన్న డోసు సరిపోయేది కాదన్నారు.

ఇంకో రెండు సంగతులు. థైరాయిడ్ కోసం చేసే టీఎస్‌హెచ్ టెస్టు చేయించారా? మా చెల్లెలికి ఎల్‌డీఎల్ 180 వస్తే అందరం దాని వంటని తిట్టాం, తీరా చూస్తే థైరాయిడ్. థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాక కొలెస్ట్రాల్ దానంతట అదే దిగింది. రెండోది, ఆ మధ్య మన బెజవాడ, గుంటూరుల్లో ఊపేసిన కొబ్బరి నూనె తాగే డైట్. మా బావమరిది మొగల్రాజపురంలో ఉంటాడు, మూడు నెలలు చేసి పన్నెండు కేజీలు తగ్గాడు, ట్రైగ్లిజరైడ్స్ కూడా తగ్గాయి, కానీ ఎల్‌డీఎల్ 150 నుంచి 214కి పోయింది. అందరికీ అలా అవుతుందని అనను. కొబ్బరి నూనెలో ఎనభై శాతానికి పైగా శాచురేటెడ్ కొవ్వే కాబట్టి, చేయాలనుకుంటే ముందూ తర్వాతా టెస్టు లేకుండా మాత్రం వద్దు.

మూడు నెలల్లోపు మళ్లీ మళ్లీ టెస్టులకి డబ్బు తగలేయకండి, ఒకే ల్యాబులో, ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువుంటే పన్నెండు గంటలు పరగడుపున చేయించండి. మీ హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్ ఎంతో, షుగర్, బీపీ, సిగరెట్ ఉన్నాయో లేదో, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందో మీరు రాయలేదు. 168 అనే అంకె ఒక్కదాన్ని చూసి మాత్ర కావాలో వద్దో ఎవరూ చెప్పలేరు, మీ డాక్టర్ అవన్నీ కలిపి చూస్తారు. ఈలోగా మీ ఇంట్లో నూనె డబ్బా ఎన్నాళ్లకి అయిపోతుందో, మీగడ తరక ఎవరు తింటున్నారో కనుక్కుని రాయండి.