చప్పుడు చేయని వాల్వుతోనే జాగ్రత్త

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం చదివాను. పాత స్పోర్ట్స్ బైకు ఇంటికి తెచ్చుకున్నావు, సంతోషం. ఇంజను పైభాగంలో టకటకమని చప్పుడు వస్తోందని కంగారుపడుతున్నావు. రెండు రోజుల సెలవులో అంతా విప్పి చూస్తానంటున్నావు. విప్పు, నేనేమీ వద్దనను. కంగారు మాత్రం అనవసరం.

వాల్వంటే సిలిండర్‌లోకి గాలీ పెట్రోలూ వచ్చే, పొగ పోయే దారులకు మూత. దాన్ని నొక్కి తెరిచేది క్యామ్ షాఫ్టు మీది ఉబ్బు, అదే క్యామ్. వాల్వు టకటకలాడుతోందంటే దానికీ క్యామ్‌కూ మధ్య ఖాళీ ఉందన్నమాట. ఖాళీ ఉన్న వాల్వు పూర్తిగా మూసుకుంటుంది. నన్ను భయపెట్టేది చప్పుడు చేయని వాల్వు. ఏళ్ల తరబడి కొట్టుకుని కొట్టుకుని వాల్వూ, అది కూర్చునే సీటూ అరుగుతాయి. వాల్వు కొద్దికొద్దిగా పైకి జరుగుతుంది, ఖాళీ తగ్గిపోతుంది. చివరికి ఖాళీ అన్నదే లేకపోతే వాల్వు సీటుకు గట్టిగా ఆనదు. అది తన వేడిని చాలావరకు వదిలించుకునేది ఆ ఆనికతోనే. ఆనడం మానిందంటే అంచు కాలిపోతుంది, ముందుగా పోయేది పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వే. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఇంజను గుట్టుగా ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ కావడానికి కాస్త మొరాయిస్తుంది, ఐడ్లింగ్ (బండి ఆగి ఉండగా ఇంజను నెమ్మదిగా తిరగడం) తడబడుతుంది, అంతే.

అయితే ఆ చప్పుడు వాల్వులదేనని ఇప్పుడే తీర్మానించుకోకు. క్యామ్‌లను తిప్పే చైనును బిగువుగా ఉంచే టెన్షనర్ బలహీనపడినా చప్పుడు వస్తుంది. అది చైను నడిచే వైపు నుంచి గరగరమంటూ, ఎక్కువగా ఐడ్లింగ్‌లో వినిపిస్తుంది. దాన్ని మాత్రం నిర్లక్ష్యం చేయకూడదు. చైను పళ్లు దాటిందంటే వాల్వులు పిస్టన్లకు తగలవచ్చు.

పనిముట్ల సంగతి. సర్వీస్ మాన్యువల్ లేకుండా పానా పట్టుకోకు. మాన్యువల్ నీ మోడల్‌దే, నీ సంవత్సరానిదే కావాలి. ఈ బళ్లన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి కానీ లోపల ఎవరి దారి వారిది. 1985 నాటి సుజుకీ జీఎస్ఎక్స్-ఆర్ 750లో ఖాళీని స్క్రూ, నట్టుతో సరిచేస్తారు. అదే ఏడాది వచ్చిన యమహా ఎఫ్‌జెడ్ 750లో సిలిండర్‌కు ఐదేసి వాల్వులు, మొత్తం ఇరవై. నీది నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, బకెట్ కింద షిమ్ ఉండే రకం. బకెట్ అంటే వాల్వు తల మీద బోర్లించిన చిన్న గిన్నె, షిమ్ అంటే ఖాళీని సరిచేసే చిన్న బిళ్ల. సందు కొలిచే పలచని రేకుల ఫీలర్ గేజ్, మందం కొలిచే మైక్రోమీటర్, తక్కువ బిగువును చూపించే చిన్న టార్క్ రెంచి కొనుక్కో. ఇంకొకటి, చాలామందికి తెలియనిది. పాత జపాన్ బళ్లకు ఉండే ప్లస్ స్క్రూలు మామూలు ఫిలిప్స్ స్క్రూలు కావు. వాటి కొలత జేఐఎస్, అంటే జపాన్ ప్రమాణం. తల మీద చిన్న చుక్క ఉంటే అదే గుర్తు. ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెడితే జారి గాడిని తినేస్తుంది. కార్బురేటర్ స్క్రూలు అరిగిపోయి కనిపించాయంటే నీకన్నా ముందున్నవారు ఆ పని చేసినట్టే.

అట్టపెట్టె ముక్క ఒకటి తీసుకుని వాల్వుల మీది కవరు ఆకారం గీయి. ఏ బోల్టు ఎక్కడి నుంచి వచ్చిందో అట్ట మీద అక్కడే గుచ్చు. బోల్టుల పొడవులు వేరువేరుగా ఉంటాయి. పొట్టి రంధ్రంలో పొడుగు బోల్టు బిగిస్తే అల్యూమినియం పగులుతుంది.

ఇంజను రాత్రంతా చల్లారాలి. చాలా మాన్యువళ్లు 35 డిగ్రీల లోపు ఉండాలంటాయి. మధ్యాహ్నం తిరిగొచ్చి సాయంత్రం కొలిస్తే ఆ అంకెలకు విలువ లేదు. ప్లగ్గులు తీసేముందు వాటి గుంటల్లోని ఇసుకను గాలితో ఊదేయి, లేకపోతే అది నేరుగా సిలిండర్లో పడుతుంది. ప్లగ్గులు తీస్తే క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) చేతికి తేలిగ్గా తిరుగుతుంది. మాన్యువల్ చెప్పిన దిక్కునే తిప్పు, వెనక్కు తిప్పకు. క్యామ్ ముక్కు బకెట్ వైపు కాకుండా దానికి దూరంగా చూస్తున్నప్పుడు ఫీలర్ గేజ్ దూర్చు. రేకు వదులుగా జారిపోకూడదు, నెట్టితే గానీ పోనంత బిగువుగానూ ఉండకూడదు. మూసిన పుస్తకంలోంచి కాగితం లాగుతున్నట్టు ఉండాలి. ఒక్కో వాల్వును రెండుసార్లు కొలువు. రెండు అంకెలూ కలవకపోతే మూడోసారి కొలువు. పదహారు అంకెలూ కాగితం మీద రాయి, బుర్రలో పెట్టుకోకు.

ఇక లెక్క. పాత షిమ్ మందానికి కొలిచిన ఖాళీ కలిపి, కావలసిన ఖాళీ తీసేస్తే కొత్త షిమ్ మందం వస్తుంది. నీ మాన్యువల్ ఎగ్జాస్ట్‌కు 0.21 నుంచి 0.30 మిల్లీమీటర్లు అంటోందనుకో. నువ్వు కొలిస్తే 0.08 వచ్చింది, లోపలున్న షిమ్ 1.80. మధ్యస్థంగా 0.25 కావాలంటే 1.63 పడాలి. షిమ్‌లు సాధారణంగా 0.05 తేడాతో దొరుకుతాయి. 1.65 వేస్తే ఖాళీ 0.23, 1.60 వేస్తే 0.28. రెండూ హద్దుల్లోనే ఉన్నాయి. నేనైతే 1.60 వేస్తాను. ఖాళీ తగ్గుతూ పోయేదే కాబట్టి పై హద్దు దగ్గర వదిలితే ఎక్కువ కాలం వస్తుంది. కాస్త చప్పుడు చేస్తే చేయనీ. షిమ్ మీద అచ్చు వేసిన అంకెను నమ్మి లెక్క వేయకు, మైక్రోమీటర్‌తో కొలిచి చూడు.

అన్నీ హద్దుల్లోనే ఉంటే క్యామ్ షాఫ్టుల జోలికి వెళ్లకుండా కవరు మూసేయి. ఇంత విప్పాను కదా అని ఇంకాస్త విప్పే బుద్ధి నీకు చిన్నప్పటి నుంచీ ఉంది.

మార్చక తప్పకపోతే ముందు టెన్షనర్ తీయాలి, ఆ తరువాతే క్యామ్‌లు. క్యామ్ చైను నడిచే గుంటలో గుడ్డ కుక్కు. నేను ఒకసారి కుక్కలేదు. చేతి నూనెకు షిమ్ ఒకటి వేళ్లలోంచి జారింది. ఠంగుమని ఒకసారి, ఇంకాస్త కింద మరొకసారి వినిపించింది, ఆపైన ఏమీ లేదు. అయస్కాంతాన్ని తీగకు కట్టి రాత్రి పదకొండు దాకా వెతికాను. చివరికి ఆయిలు దించి, అడుగు పాన్ విప్పితే అక్కడ దర్శనమిచ్చింది. మీ అత్తయ్య లాంతరు పట్టుకున్నట్టు టార్చి పట్టుకుని పక్కనే నిలబడింది, ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

క్యామ్ క్యాపుల బోల్టులు చాలావరకు 6 మిల్లీమీటర్లవి. వాటి బిగువు సుమారు 10 న్యూటన్ మీటర్లే ఉంటుంది, నీ ఇంజను అంకె మాన్యువల్‌లో చూసుకో. చేతి అంచనాతో బిగించి నేను ఒక మర పోగొట్టుకున్నాను. కొద్దికొద్దిగా, మాన్యువల్ చెప్పిన వరసలో బిగించు. క్యామ్ ముక్కులకూ బకెట్లకూ ఆయిలు రాయి. టెన్షనర్‌ను మొదట్లోలా లోపలికి ముడిచి బిగించాకే వదులు. టైమింగ్ గుర్తులు కలిశాయో లేదో చూసి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ చూడు. మధ్యలో ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టకు, వాల్వు పిస్టన్‌కు తగులుతోందేమో. కవరు కింద సీలెంటు మూలల్లోనే, అదీ పలచగా. ఎక్కువ పూస్తే లోపలికి పిండుకుని ఊడి ఆయిలు జల్లెడను మూసేస్తుంది.

ఆయిలుకు జేఏఎస్ఓ (జపాన్ వాహన ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు చూసి తీసుకో. క్లచ్ ఆయిల్లోనే మునిగి ఉంటుంది కాబట్టి, ఇంధనం ఆదా చేస్తుందని రాసిన కారు ఆయిలు పోస్తే క్లచ్ జారవచ్చు. ఇంజను వెచ్చగా ఉన్నప్పుడు పాత ఆయిలు దించు, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు వేయి. పాత ఆయిలు మురుగులో పోయకు. కార్బురేటర్ల సమతూకం అన్నిటికన్నా చివర, వాల్వులు సరిచేశాకే. ముందు చేస్తే మళ్లీ చేయాల్సి వస్తుంది. మూసిన గదిలో మాత్రం ఇంజను నడపకు.

షిమ్‌లు తెప్పించేముందు ఆ పదహారు అంకెలూ, పాత షిమ్‌ల మందాలూ నాకు పంపు. లెక్క నేనూ ఒకసారి వేసి చూస్తాను.

ఇట్లు,
మామయ్య