అధిశోషణ శక్తి ఎక్కువగా వస్తే దాన్ని మంచి గ్యాస్ సెన్సర్ అనవచ్చా?

ఏకపొర మాలిబ్డినం డైసల్ఫైడ్‌లో ఒక గంధక పరమాణువును మరో మూలకంతో మార్చినప్పుడు కంప్యూటర్ లెక్కలో నైట్రోజన్ డయాక్సైడ్ అధిశోషణ శక్తి (వాయు అణువు ఉపరితలానికి ఎంత గట్టిగా అంటుకుంటుందో చెప్పే కొలత; మైనస్ గుర్తు అంటుకోవడాన్ని సూచిస్తుంది) మైనస్ 1.2 ఎలక్ట్రాన్ వోల్టులు వచ్చిందనీ, దాన్ని బట్టి ఇది చక్కని సెన్సర్ అని ప్రకటించవచ్చా అనీ మీరు అడిగారు. ఆ ఒక్క అంకెతో అలా ప్రకటించవద్దని నా సలహా.

సెన్సర్ వాయువును పట్టుకుంటే చాలదు, తిరిగి వదలాలి కూడా. అణువు ఉపరితలాన్ని విడిచిపోవడానికి పట్టే కాలం అధిశోషణ శక్తితో పాటు ఘాతీయంగా పెరుగుతుంది. ప్రయత్న పౌనఃపున్యాన్ని, అంటే అణువు విడిపోవడానికి సెకనుకు ఎన్నిసార్లు ప్రయత్నిస్తుందో ఆ సంఖ్యను, సెకనుకు లక్ష కోట్లుగా తీసుకుని 300 కెల్విన్ వద్ద లెక్కిస్తే, 0.5 ఎలక్ట్రాన్ వోల్టులకు ఆ కాలం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, 0.8కి సుమారు అర నిమిషం, 1.0కి దాదాపు 17 గంటలు, మీ 1.2కి నాలుగున్నరేళ్లు. అదే పొరను 400 కెల్విన్‌కు వేడిచేస్తే సుమారు 22 నిమిషాలు చాలు కాబట్టి, పని చేయవలసిన ఉష్ణోగ్రతను చెప్పకుండా సెన్సర్ గురించి మాట్లాడడం అసంపూర్ణమే. గ్రాఫీన్ (ఒకే పరమాణువు మందం గల కార్బన్ పొర) ఒక్కొక్క అణువును గుర్తించగలదని 2007లో చూపిన ప్రసిద్ధ ప్రయోగంలో సైతం, పొరను మళ్లీ మొదటి స్థితికి తేవడానికి 150 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేయవలసి వచ్చింది.

అయితే అంతకంటే ముందు ఆ 1.2 నిజమైనదో కాదో చూసుకోండి. పరిశోధన తొలినాళ్లలో నాకూ ఇలాంటి ఆకర్షణీయమైన విలువే వచ్చింది, దాన్ని నమ్మి కొన్ని వారాలు ముందుకు సాగాను. నైట్రోజన్ డయాక్సైడ్‌లో ఒక జతలేని ఎలక్ట్రాన్ ఉంటుంది. నేను పొర మీది అణువును స్పిన్ ధ్రువణంతో (అంటే రెండు స్పిన్ దిశల ఎలక్ట్రాన్లను వేరువేరుగా చూసే పద్ధతిలో) లెక్కించి, విడి అణువును మాత్రం అది లేకుండా లెక్కించాను. దానివల్ల విడి అణువు శక్తి ఉండవలసిన దానికంటే పైకి పోయి, బంధం నిజంగా ఉన్నదానికంటే బలంగా కనిపించింది. మీ విడి అణువు అయస్కాంత భ్రామకం ఒక బోర్ మాగ్నెటాన్ (ఒక జతలేని ఎలక్ట్రాన్‌కు రావలసిన విలువ) రాకపోతే అక్కడే ఆగండి. వాన్ డెర్ వాల్స్ సవరణ (అణువుల మధ్య బలహీన ఆకర్షణను లెక్కలో చేర్చేది) వాడితే మూడు లెక్కల్లోనూ, అంటే విడి పొర, విడి అణువు, రెండూ కలిసిన వ్యవస్థ లెక్కల్లో, ఒకటే వాడాలి.

విలువ నిలబడితే, ఆవేశ బదిలీనీ (అణువుకూ పొరకూ మధ్య ఎంత ఆవేశం మారిందో), ఫెర్మీ స్థాయి దగ్గరి స్థితుల సాంద్రతలో మార్పునూ (విద్యుత్ ప్రవాహంలో పాల్గొనే శక్తుల దగ్గర ఎలక్ట్రాన్లకు ఎన్ని స్థానాలున్నాయో) చూపండి, ఎందుకంటే పరికరం కొలిచేది నిరోధంలోని మార్పునే గాని అధిశోషణ శక్తిని కాదు. నీటి అణువుతోనూ ఇదే లెక్క చేయండి. గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది, అది మీరు మార్చిన స్థానాన్నే ముందుగా ఆక్రమించవచ్చు.