కార్నియా మార్పిడి తర్వాత చూపు కుదురుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది?

మీ తమ్ముడికి కెరటోకోనస్ (కంటి ముందుండే పారదర్శక పొర, అంటే కార్నియా, పలచబడి శంకువులా ఉబికే జబ్బు) ముదిరి కార్నియా మార్చాలన్నారని, నొప్పి బాగా ఉంటుందా, చూపు ఎప్పటికి వస్తుందని అడిగారు. అదే జబ్బుకు నా కుడి కంటికి కార్నియా మార్చి మూడేళ్లు దాటింది.

నొప్పి సంగతి ముందు చెప్తాను, మీరు భయపడేంత లేదు. మత్తు దిగేసరికి కంటికి కట్టు ఉంది. ఆ రాత్రి ఇసుక పడ్డట్టు గరగర, ఆగని నీళ్లు, అంతే. అంతకుముందు ఎడమ కంటికి క్రాస్‌లింకింగ్ (జబ్బు ముదరకుండా కార్నియాను గట్టిపరిచే చికిత్స) చేశారు, నన్ను ఏడిపించింది అదే. పై పొర గీకి, రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్) చుక్కలు వేసి, అతినీలలోహిత కాంతి పెడతారు. కోత లేదు, కుట్టు లేదు, కానీ ఆ పొర మళ్లీ పెరిగేదాకా మూడు రోజులు కన్ను తెరవలేకపోయాను. మార్చిన కార్నియాలో నరాలు తెగి ఉంటాయి కాబట్టి దానికి స్పర్శే తక్కువ. అది సుఖమే గానీ, దెబ్బ తగిలినా తొందరగా తెలియదు.

ఇక చూపు. కట్టు విప్పగానే అంతా స్పష్టంగా కనబడుతుందని ఆశ పెట్టకండి. నాకు మంచు పట్టిన అద్దంలోంచి చూసినట్టుండేది. కార్నియాలో రక్తనాళాలు ఉండవు, అందుకే గాయం మానడం బహు నెమ్మది. వెంట్రుక కన్నా సన్నని నైలాన్ దారంతో వేసిన 16 కుట్లు ఏడాది పైనే ఉంచారు. ఏ కుట్టు ఎటు లాగుతోందో స్కాన్‌లో చూసి ఒక్కొక్కటీ తీసేవారు. తీసినప్పుడల్లా చూపు మారేది, ఒక్కోసారి తగ్గేది కూడా. చివరికి గట్టి కాంటాక్ట్ లెన్స్ పెట్టుకున్నాకే అక్షరాలు నిలకడగా నిలబడ్డాయి. చాలామందికి ఆపరేషన్ తర్వాత కూడా అద్దాలో లెన్సో తప్పవు.

నేను చేసిన తప్పు మీ తమ్ముడు చేయకూడదు. ఏడో నెలలో ఏదో గుచ్చుకున్నట్టయితే నలుసేమో అనుకుని రెండు రోజులు ఊరుకున్నాను. తెగిన కుట్టు అది! డాక్టర్ నిమిషంలో లాగేసి, తర్వాత పావుగంట తిట్టారు. వదులైన కుట్టు దగ్గర ఇన్ఫెక్షన్ రావచ్చు, దాంతో రిజెక్షన్ (మార్చిన కార్నియాను పరాయిదనుకుని ఒళ్లు తిప్పికొట్టడం) కూడా మొదలవచ్చట. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే మంచి కన్ను మూసి గోడ మీది క్యాలెండర్ చదువుతాను. ఎరుపు, వెలుతురు పడకపోవడం, చూపు మందగించడం, నొప్పి, వీటిలో ఏ ఒక్కటి కనబడ్డా ఆ రోజే వెళ్లాలి, ఏళ్లు గడిచాక కూడా.

రిజెక్షన్ రాకుండా వేసే స్టెరాయిడ్ చుక్కలు కన్ను బాగుందని సొంతంగా మానేయకూడదు. వాటివల్ల కంటి ప్రెషర్ పెరగొచ్చు, అందుకే చెకప్‌లు ఎగ్గొట్టడానికి వీల్లేదు. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. రాత్రి షీల్డ్ పెట్టుకునే పడుకోవాలి. కన్ను నలపడం మటుకు జన్మలో వద్దు, ఈ జబ్బును ముదరబెట్టేవాటిలో అదొకటి. అన్నట్టు, మొదట్లో దూరం అంచనా చిక్కదు. గ్లాసులో పోయాల్సిన నీళ్లు ఎన్నిసార్లు బల్ల మీద పోశానో!

వెళ్లినప్పుడు డాల్క్ (కార్నియా పై పొరలు మాత్రమే మార్చే) పద్ధతి కుదురుతుందేమో అడగండి. అందులో మన సొంత లోపలి పొరను అలాగే ఉంచుతారు, కాబట్టి ఆ పొర రిజెక్ట్ అయ్యే భయం ఉండదు. నాకు లోపలి పొర చిరిగి నీరు చేరి మచ్చ పడింది, అందుకే మొత్తం మార్చాల్సి వచ్చింది. రెండో కన్నూ చూపించండి, ఈ జబ్బు సాధారణంగా రెండు కళ్లకూ వస్తుంది. అది ఇంకా తొలి దశలోనే ఉంటే క్రాస్‌లింకింగ్‌తో అక్కడికక్కడే ఆపే వీలుంది.