టికెట్ మీద "+2" చూశావా తమ్ముడూ?

లాస్ ఏంజెలెస్ నుంచి సిడ్నీకి సుమారు 12,050 కిలోమీటర్లు, విమానం గంటకు 900 చొప్పున పోతే పదమూడున్నర గంటల్లోపే చేరాలి కదా, టికెట్‌లో 15 గంటలని ఎందుకుంది అని అడిగావు. భాగహారం బాగానే చేశావు. పద్దెనిమిదేళ్ళ కిందట నేనూ అదే చేసి మునిగాను.

పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అని పెద్ద గాలి వీస్తుంది. సిడ్నీ నుంచి అమెరికా వెళ్ళేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురు కొడుతుంది. అందుకే అటు పదమూడున్నర, ఇటు పదిహేను. పైగా టికెట్‌లోని టైం గాల్లో ఉన్నంతసేపే కాదు, గేటు దగ్గర కదిలింది మొదలు అవతలి గేటు దగ్గర ఆగేదాకా.

ఇక నా ఘనకార్యం విను. గురువారం రాత్రి పదిన్నరకి నా విమానం. దానికి పదిహేను కలిపి, శుక్రవారం మధ్యాహ్నం ఒకటిన్నరకల్లా దిగుతానని సిడ్నీలో నాకున్న ఒకే ఒక్క స్నేహితుడికి చెప్పేశాను. అది ఏ ఊరి మధ్యాహ్నమో ఆలోచించలేదు. దారిలో అంతర్జాతీయ దినరేఖ, అంటే పసిఫిక్ సముద్రం మధ్యలో తేదీ మారే ఊహారేఖ దాటుతాం, అక్కడ ఒక రోజు మాయమవుతుంది. టికెట్ మీద దిగే టైం పక్కన "+2" అని చిన్నగా ఉంది, అంటే ఎక్కిన తేదీకి రెండు రోజుల తర్వాతి తేదీన దిగుతామని. నేనేమో అది టెర్మినల్ నంబరనుకున్నాను! నవ్వకు, నువ్వూ గమనించి ఉండవు.

పాపం అతను శుక్రవారం ఆఫీసుకి సెలవు పెట్టి సాయంత్రం దాకా నిలబడి, ఇక రానని అనుకుని వెళ్ళిపోయాడు. నేను దిగింది శనివారం ఉదయం ఆరున్నరకి. బయటికి రాగానే పేర్లు రాసిన అట్టలు పట్టుకుని ఎంతమందో. ఏ అట్ట మీదా నా పేరు లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు, నిద్రలో ఉన్నాడు. రెండు పెట్టెలతో బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నాను. పదిహేను గంటల ప్రయాణం అసలు గుర్తే లేదు. ఆ మూడు గంటలు మాత్రం ఇప్పటికీ గుర్తే. అయినా టాక్సీ అతన్ని బతిమాలుకోకుండా, దారి అడుక్కుంటూ రైల్లోనే చేరాననుకో.

వీసా, ట్రాన్సిట్ వీసా (మధ్యలో వేరే దేశంలో విమానం మారడానికి అడిగేది) రూల్స్ ప్రభుత్వ సైట్లలో ఉంటాయి, చూసుకో. మధ్యలో విమానం మారేటట్టయితే రెండు టికెట్లూ ఒకే బుకింగ్‌లో తీసుకో. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమైనప్పుడు రెండో కంపెనీ పట్టించుకోదు. టికెట్‌లో వేసే టైములన్నీ ఆయా ఊళ్ళవే. తిరుగు ప్రయాణంలో శనివారం పొద్దున పదకొండుకి సిడ్నీలో ఎక్కితే అదే శనివారం పొద్దున్నే లాస్ ఏంజెలెస్‌లో దిగుతావు, అప్పుడూ కంగారు పడకు.

కిలోమీటర్లు వదిలెయ్. దిగేసరికి నీకోసం ఎవరుంటారు? ఒకరున్నారని సరిపెట్టుకోకు, ఇద్దరికి చెప్పు. "పదిహేను గంటల్లో వస్తా" అనకుండా వారం, తేదీ, సిడ్నీ టైం మూడూ రాసి పంపు. ఎవరూ దొరక్కపోతే నాకు రాయి, వస్తాను. ఆదివారమైతే మాత్రం ఒక గంట ముందే ఫోన్ చేసి నన్ను లేపాలి.