స్కిన్‌హెడ్లు జాత్యహంకారులైతే ‘దిస్ ఈజ్ ఇంగ్లండ్’ సినిమాలో నల్లవాళ్ల పాటలు ఎందుకు వింటారు?

ఎందుకంటే గుండు లాంటి కురచ జుట్టుతో తిరిగే ఈ బ్రిటన్ కుర్రాళ్లకు, అంటే స్కిన్‌హెడ్లకు, మొదటినుంచీ ఉన్న సంగీతమే జమైకాది. జాతిద్వేషం వాళ్లలో కొన్ని గుంపులకు తర్వాత బాగా ముదిరింది.

1960ల చివర్లో లండన్‌లో తెల్ల కార్మిక కుటుంబాల పిల్లలు, జమైకా వలస కుటుంబాల పిల్లలు ఒకే పేటల్లో పెరిగారు, ఒకే డ్యాన్స్ హాళ్లకు వెళ్లారు. కురచ జుట్టు, బరువైన బూట్లు, జమైకాలో పుట్టిన స్కా, రెగె సంగీతాలు అన్నీ అక్కడే కలిశాయి. జమైకా పాటల రికార్డులు అమ్ముతూ 1968లో మొదలైన ట్రోజన్ రికార్డ్స్ సంస్థకు వీళ్లు మంచి గిరాకీ. 1970ల చివర్లో నిరుద్యోగం పెరిగాక, వలసదారులను వ్యతిరేకించే నేషనల్ ఫ్రంట్ పార్టీ ఫుట్‌బాల్ మైదానాల దగ్గర ఇదే వేషంలోని కుర్రాళ్లను తనవైపు లాక్కుంది. బూట్లూ జుట్టూ అవే కావడంతో బయటివాళ్లకు తేడా తెలియలేదు.

షేన్ మెడోస్ 2006లో తీసిన ఈ సినిమా కథాకాలం 1983. 1982లో బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన ఫాక్లాండ్స్ యుద్ధంలో తండ్రిని పోగొట్టుకున్న 12 ఏళ్ల షాన్‌ను చేరదీసిన స్కిన్‌హెడ్ ముఠాలో జమైకా మూలాలున్న మిల్కీ కూడా ఉంటాడు. జైలు నుంచి వచ్చిన కాంబో జాతిద్వేషం నూరిపోసి ఆ ముఠాను చీలుస్తాడు. మిల్కీ పక్కన కూర్చుని అమెరికా నల్లవాళ్ల సోల్ సంగీతంలోని ఒక పాట వింటూ కరిగిపోయిన ఆ కాంబోనే, మిల్కీ తన పెద్ద కుటుంబం గురించి చెబుతుంటే ఓర్వలేక అతన్ని చావబాదుతాడు. సినిమా మొత్తానికి ఆయువుపట్టు ఈ సన్నివేశమే.

గుండు కనబడితే నాజీ అనుకోవడం పొరపాటు. అలాగని తొలితరం వాళ్లంతా అమాయకులనీ కాదు: జమైకా పాటలకు చిందేసిన కుర్రాళ్లలోనే కొందరు అప్పట్లో మన ఉపఖండం నుంచి వెళ్లినవాళ్లను వీధుల్లో పట్టుకుని కొట్టేవారు.