స్కాబ్ తెగులు మీద పని మొదలుపెడుతున్న మా అమ్మాయికి

తల్లీ, కాన్సాస్‌లో గోధుమ బ్రీడింగ్‌లో చేరావని, అది కూడా గోధుమ వెన్నుకి పట్టే ఫంగస్ తెగులు స్కాబ్ మీదేనని నాన్న చెప్పాడు, ఎంత సంతోషమేసిందో. పెదనాన్న ఇన్నాళ్లూ చేసింది ఆ పనే కదా, కొన్ని ముందే చెప్తా విను.

అక్కడ అందరూ స్కాబ్‌ని తట్టుకునే ఎఫ్‌హెచ్‌బి1 జీన్ గురించే మాట్లాడతారు. చైనా రకం సుమాయ్ 3 నుంచి వచ్చింది, మంచి జీనే, ఒక పువ్వులో పట్టిన ఫంగస్ వెన్ను మొత్తం పాకకుండా ఆపుతుంది, కానీ అసలు పట్టకుండా మాత్రం ఆపలేదు. కాబట్టి మార్కర్ టెస్ట్‌లో, అంటే డీఎన్ఏ పరీక్షలో, జీన్ ఉందని తేలగానే పని అయిపోయిందనుకోకు. మిస్సోరి వాళ్ల ట్రూమన్ రకం చూడు, ఆ జీన్ లేకుండానే బాగా తట్టుకుంటుంది, మీ దగ్గరే 2009లో వచ్చిన ఎవరెస్ట్ కూడా ఒక మోస్తరుగా నిలబడుతుంది. ఇలాంటి వాటిలో చిన్న చిన్న జీన్లు చాలా కలిసి పనిచేస్తాయి, వాటి మీద ఎఫ్‌హెచ్‌బి1 ఎక్కిస్తేనే నాకు నమ్మకం.

చలి గోధుమ కదా, మొలకల్ని ఆరు నుంచి ఎనిమిది వారాలు 4 డిగ్రీల దగ్గర పెట్టకపోతే వెన్ను తియ్యదు, అందుకే క్రాస్ చెయ్యాల్సిన పేరెంట్ రకాల్ని విడతలుగా కోల్డ్ రూమ్‌లో పెట్టుకో, లేదంటే ఒకటి పూసేసరికి రెండోదాని పుప్పొడి అయిపోతుంది.

ఫీల్డ్‌లో అన్నిటికంటే ముఖ్యం పూత తేదీ. ఫంగస్ ఎక్కువగా పట్టేది పూతప్పుడే, లేటుగా పూసిన లైన్‌కి, అంటే నువ్వు పరీక్షించే గోధుమ వంశానికి, ఆ నాలుగు రోజులు పొడిగా ఉంటే తెగులు రాదు, చూసేవాళ్లకి భలే రెసిస్టెంట్ అనిపిస్తుంది, నిజానికి అది తప్పించుకుందంతే. అందుకే ఫంగస్ ఎక్కించిన మొక్కజొన్న గింజలు పూతకి రెండు మూడు వారాల ముందే చల్లి, పూతని తడిగా ఉంచే నీటి తుంపర, అదే మిస్ట్, సరిగ్గా పడుతుందో లేదో రోజూ నువ్వే వెళ్లి చూడు, ఏ లైన్‌కి ఆ లైన్ పూత తేదీ రాసుకుని అక్కడినుంచి 21 రోజులకి తెగులు ఎంతుందో స్కోర్ ఇయ్యి.

కోత దగ్గర ఇంకో జాగ్రత్త తల్లీ. తెగులు గింజలు ముడుచుకుపోయి, సుద్దలా తెల్లగా, ఒక్కోసారి గులాబీ రంగులో, తాలులా తేలిగ్గా ఉంటాయి, కంబైన్ గాలికి అవన్నీ ఎగిరిపోతే శాంపిల్ శుభ్రంగా కనిపించి మనల్ని మోసం చేస్తుంది, గాలి బాగా తగ్గించి నూర్పించు. వెన్ను బాగున్నా సరే ఈ ఫంగస్ గింజలో వదిలే డాన్ విషం టెస్ట్ చేయించు, మనుషులు తినే గోధుమ పిండిలో అది 1 పీపీఎం, అంటే పది లక్షల్లో ఒక వంతు, దాటకూడదంటుంది అమెరికా ఆహార, మందుల సంస్థ ఎఫ్‌డీఏ, అదే విషానికి పందులు మేత మానేసి వాంతులు చేసుకుంటాయి. జనం రొట్టె చేసుకు తినే గింజ ఇది, ఇక్కడ మాత్రం అస్సలు తొందరపడకు.

మీ లైన్ల పెడిగ్రీలో, అంటే వంశావళిలో, ట్రూమన్ ఎక్కడన్నా ఉందేమో చూసి చెప్పు, మేలో పూత మొదలవగానే ఫోన్ చెయ్.

పెదనాన్న